నల్లకత్వ నీళ్ల మీద ఈల

చేవెళ్ల
డిసెంబర్ 2

ప్రియమైన ఆశా,

ఎట్లున్నావని అడిగితే నీకు కోపం వస్తుందని తెలుసు, అందుకే అడగడం లేదు. ఇక్కడ చలి బాగా ముదిరింది. ఎండ వచ్చినా మా బంతి తోట మీద మంచు విడవడం లేదు. పొద్దున బాపు మోటర్ వేయడానికి పోతే మనిషి కనపడడు, దగ్గు మాత్రం వినపడుతుంది.

నువ్వు ఫోన్ మానేసినప్పటి నుంచి నీకు ఉత్తరాలు రాయడం నాకు అలవాటే. కానీ దీన్ని మాత్రం రాసి చింపి, మళ్లీ రాస్తున్నాను. సంగతేమిటంటే, మా తమ్ముడు అభిలాష్, మీ ప్రభాకర్ దోస్తు కృపాకర్ కలిసి వచ్చే శని ఆదివారాలు నల్లకత్వ చెరువుకు పోదామంటున్నారు. ఎప్పటిలాగే సన్నటి కయాక్ పడవలు, గాలాలు, ఇసుక ఒడ్డు మీద గుడారాలు. ప్రభాకర్ లేకుండా పోవడం ఇదే మొదటిసారి.

నేను ముందు వద్దన్నాను. పోయిన చలికాలం నా కళ్ల ముందే కదా అతను పొగమంచులోకి తెడ్డు వేసుకుంటూ పోయింది! "జర అటు చూసొస్త, మీరు చాయ్ పెట్టుండ్రి" అన్నాడు. ఆ చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది, అతను రాలేదు. కయాక్ తుంగలో బోర్లా దొరికింది. ఈతగాళ్లు ఎన్ని రోజులు వెతికినా మనిషి దొరకలేదు. అప్పటి నుంచి మా ముగ్గురిలో ఎవరమూ నీళ్ల ముఖం చూడలేదు. కృపాకర్ అయితే చందనవెల్లిలో డ్యూటీకి పోవడం, మొయినాబాద్‌లో ఇంటికి రావడం, అంతే. మొన్న మా ఇంటికి వచ్చి, "సమతా, ఇట్లనే ఉంటే వాడు నాకు ఆ ఒక్క పొద్దు లెక్కనే యాదికుంటడు. నవ్వినయన్ని మరిచిపోతున్న" అన్నాడు. అది విన్నాక వద్దనలేకపోయాను.

నువ్వు వద్దంటే మేము పోము. ఒక్క మాట రాయి.

నీ
సమత


జహీరాబాద్
డిసెంబర్ 5

ప్రియమైన సమతకు,

వందనాలు. పొండి. నేను వద్దనను.

ఇక్కడ నేను పని చేసే స్కూలు పిల్లలు క్రిస్మస్ నాటకం నేర్చుకుంటున్నారు. హాస్టల్ వార్డెన్ జెన్నీ మేడం నన్ను పాటలకు పెట్టింది. నోరు పాడుతుంది, నేను ఎక్కడో ఉంటాను. పోయిన యేడు కూడా మన చర్చిలో ఇట్లాంటి పాటల ప్రాక్టీస్ కోసమే మీతో రాకుండా ఆగిపోయాను.

అత్తమ్మ మళ్లీ కబురు పెట్టింది. మొయినాబాద్ సమాధుల తోటలో ప్రభాకర్ పేరు మీద ఒక రాయి నిలబెట్టి, జ్ఞాపకార్థ కూటం పెట్టిస్తుందట. సంవత్సరమైంది, ఇంక ఒప్పుకో బిడ్డా అంటుంది. ఆమె కన్నతల్లి. ఆమెకే ధైర్యం వచ్చినప్పుడు నాకెందుకు రాదో తెలియదు. కింద మనిషి లేకుండా పైన రాయి ఎట్లా పెడతారు? నేను ఒప్పుకోలేదు.

మీరు పొండి. అదే ఒడ్డున దిగండి. చేపలు పట్టండి, వండుకోండి. ఒక్కటే అడుగుతున్నాను. అక్కడ ఏం చూసినా, ఏం విన్నా దాచకుండా రాయి. నేను బాధపడతానని ఏదీ మింగేయకు. నాకు తెలియనిదాని కంటే పెద్ద బాధ ఇంక ఏదీ లేదు.

ప్రేమతో
ఆశా


చేవెళ్ల
డిసెంబర్ 11

ప్రియమైన ఆశా,

దాచకుండా రాయమన్నావు. రాస్తున్నాను. కూర్చుని చదువు.

శనివారం మధ్యాహ్నానికి చేరాం. చెరువు ఏమీ మారలేదు. చేపల సంఘం తరఫున కాపలా ఉండే ఎంకయ్య గుడిసె, దాని ముందు ఆరేసిన వలలు, వంక తిరిగిన ఇసుక ఒడ్డు, అంతా అట్లాగే ఉంది. మన కయాక్‌లు ఆయన గుడిసె వెనకనే ఉంచాం కదా. ప్రభాకర్ పసుపు రంగుది కూడా అక్కడే ఉంది. ఎవరో దాని మీద గోనెపట్టా కప్పారు. మేము దాన్ని ముట్టలేదు.

ఆ పూట బాగానే గడిచింది. అభిలాష్‌కు జిలేబీ చేపలు పడ్డాయి. కృపాకర్‌కు ఒక మంచి కొర్రమీను పడింది. కారం పట్టించి నిప్పుల మీద కాల్చాడు. ప్రభాకర్ ఎప్పుడూ ఉప్పు మరిచిపోయేవాడని గుర్తు చేసుకుని ముగ్గురం నవ్వాం కూడా. సంవత్సరం తర్వాత అతని పేరు పలికి నవ్వడం అదే మొదలు. చలికి తట్టుకోలేక పెందలాడే గుడారాల్లోకి దూరాం.

తెల్లవారి లేచి బయటికి వస్తే లోకం లేదు ఆశా. అంతా తెల్లగా ఉంది. నా చెయ్యి చాపితే వేళ్లు కనపడలేదు. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో పాదానికి తగిలితేనే తెలిసింది. అభిలాష్ టార్చ్ వేసుకుని కయాక్‌ల దగ్గరికి పోయి అక్కడే నిలబడిపోయాడు.

"అక్కా, రాత్రి మనం ఎన్ని పడవలు ఒడ్డుకు గుంజినం?" అన్నాడు.

"మూడే కదరా."

"మరి గీ గాడి ఎవరిది?"

ఇసుకలో మా మూడు కయాక్‌లు గుంజిన గాడుల పక్కన ఇంకొకటి ఉంది. నీళ్లలోంచి బయటికి వచ్చి, మా గుడారాల ముందు దాకా వచ్చి ఆగింది. అక్కడ పడవ లేదు. అడుగుల గుర్తులు లేవు. ఇసుక తడిగా ఉంది.

కృపాకర్ కాలితో ఆ గాడిని చెరిపేశాడు. "ఎవరో జాలరి వచ్చిపోయిండు, పాండ్రి" అని కయాక్ నీళ్లలోకి తోశాడు. అతను ఒక్కడే పోతే ఎట్లా అని మేమూ వెంట పోయాం. ఒకరికొకరం కనపడక తెడ్లతో పడవల అంచులు కొట్టుకుంటూ, ఆ చప్పుడు పట్టుకుని సాగాం. ఒక్క పిట్ట కూయడం లేదు. గాలం వేస్తే నీళ్లలో పడిన చప్పుడు కూడా దూరంగా ఎక్కడో పడినట్టు వినిపించింది.

అప్పుడు ఈల వినపడింది.

నీకు చెప్పాల్సిన పని లేదు అది ఏ ఈలో. మొయినాబాద్‌లో మీ పక్క పోర్షన్‌లో నేను కిరాయికి ఉన్నన్నాళ్లూ సాయంత్రం గేటు దగ్గర విన్నాను. రెండు పొట్టివి, ఒక పొడుగుది. చివరికి వచ్చేసరికి ఏదో అడుగుతున్నట్టు పైకి లేచి ఆగిపోతుంది. నువ్వు వంటింట్లోంచి "వస్తున్న" అని కేకేసేదానివి. అతను ఇంకెవరినీ అట్లా పిలవలేదు.

"ఎవ్వరు మాట్లాడకుండ్రి. జర ఇనుండ్రి" అన్నాడు కృపాకర్. మళ్లీ వచ్చింది. అభిలాష్ నా పడవ అంచు పట్టుకున్నాడు.

"గది ప్రభాది. ఇంకెవ్వనిది కాదు" అని కృపాకర్ చప్పుడు వచ్చిన వైపు తెడ్డు వేయడం మొదలుపెట్టాడు. "ప్రభా! ఓ ప్రభా!" అని అరుస్తున్నాడు. మేము దగ్గరికి పోతే ఈల దూరం జరిగింది. ఆగితే ఆగింది. మమ్మల్ని తుంగ వైపుకు, లోతు వైపుకు తీసుకుపోతున్నట్టు అనిపించింది. కృపాకర్ అరుపులు పల్చబడుతుంటే నేనే గట్టిగా అరిచాను. "కృపా, మీ అమ్మ మీద ఒట్టు, వెనక్కి రా!" అన్నాను. అతను వచ్చాడు. ముఖమంతా తడిసి ఉంది. అది మంచో, ఏడుపో తెలియలేదు.

వండుకున్న గిన్నెలు కూడా కడగకుండా సామాను సర్దుకుని వచ్చేశాం. ఇదీ జరిగింది. ఇది నీకు రాయొద్దని అభిలాష్ బతిమిలాడాడు. నీకిచ్చిన మాట కోసం రాశాను.

నీ
సమత


జహీరాబాద్
డిసెంబర్ 15

నా సమతా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు భయపడుతూ రాశావు. నాకు మాత్రం సంవత్సరం తర్వాత ఆకలి వేసింది. అన్నం పెట్టించుకుని తిన్నాను. జెన్నీ మేడం నా వైపు వింతగా చూసింది.

ఒకటి చెప్పు. చివర పైకి లేచిందా? ఖచ్చితంగా లేచిందా? ఎందుకంటే కోపంగా ఉన్నప్పుడు చివర లేపేవాడు కాదు. లేచిందంటే కోపం లేనట్టే.

నాకు ఈత రాదని, కయాక్ అంటే భయమని అందరికీ తెలుసు. అయినా నన్ను కూర్చోబెట్టుకుని తెడ్డు వేయడం నేర్పాడు. ఆ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. పసుపు కయాక్ మీద గోనెపట్టా కప్పి ఉందన్నావు. అది అక్కడే ఉండనీ. తీయించకు.

కృపాకర్‌కు, అభిలాష్‌కు నా గురించి ఏమీ చెప్పకు. సెలవులు దగ్గరికొచ్చాయి. ఇక్కడ నా బట్టలు, దుప్పట్లు అవసరమున్న పిల్లలకు పంచేశాను. గది ఇప్పుడు చాలా తేలిగ్గా ఉంది. నేనూ అట్లాగే ఉన్నాను.

నువ్వు చేసిన మేలు మరువను.

ఆశా


చేవెళ్ల
డిసెంబర్ 18

ఆశా, నా తల్లీ,

దుప్పట్లు పంచడం ఏమిటి? గది తేలిగ్గా ఉండడం ఏమిటి? నీకు రాసి తప్పు చేశాను. ఇప్పుడు చెప్పేది మాత్రం పూర్తిగా చదువు. చదివాక ఏ నిర్ణయమైనా తీసుకో.

అది ప్రభాకర్ కాదు. అది ఒక పిట్ట.

నీ ఉత్తరం అందగానే బండి తీసుకుని ఒక్కదాన్నే నల్లకత్వకు పోయాను. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. ఎంకయ్య వల బాగు చేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

"గా ఈల సంగతా బిడ్డా? గది నాకు కొత్త గాదు. పా, సూపెడత" అన్నాడు.

తన తెప్ప మీద నన్ను తీసుకుపోయాడు. తుంగ దాటాక నీళ్లలో తల లేని తాటి మొద్దు ఒకటి నిలబడి ఉంది. దాని తొర్రలో గోరింక గూడు. మేము దగ్గరికి పోగానే ఆ గోరింక బయటికి వచ్చి మొద్దు అంచున కూర్చుని, మెడ సాగదీసి ఈల వేసింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. చివర పైకి లేచింది. ఆశా, నా కళ్లారా దాని ముక్కు తెరుచుకోవడం చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

"గిది ప్రభాకర్ సారు దగ్గర నేర్సుకున్నది" అన్నాడు ఎంకయ్య. "ఆ సారు గీ మొద్దుకు పడవ కట్టుకొని కూసునేటోడు. కొంగలు లేసినా, పొద్దు పొడిసినా ఈల ఏసేటోడు. ఎవర్ని పిలుస్తున్నవ్ సారూ అని అడిగితే నవ్వేటోడు. మా ఇంటామెను, గిది ఆమె సూడాలె అనేటోడు. సారు ఉన్నప్పటి సందే ఈ పిట్ట గట్ల ఈల ఏస్తది."

నాకు అక్కడే ఏడుపు వచ్చింది. నువ్వు ఆ ఆదివారాల గురించి ఎంత బాధపడేదానివో నాకు తెలుసు. చర్చికి రాడు, నన్ను వదిలి నీళ్ల మీద పడతాడు అనేదానివి. అక్కడ కూర్చుని అతను చేసింది ఇది. ఏది బాగున్నా నిన్ను పిలిచాడు. పిట్ట నేర్చుకునేదాకా పిలిచాడు.

ఇసుకలో గాడి సంగతి అడిగితే ఎంకయ్యకు తెలియదట. దొంగతనంగా చేపలు పట్టేవాళ్లు వస్తుంటారట. అయి ఉంటుంది.

ఆశా, సెలవులకు సీదా మా ఇంటికి రా. ఇద్దరం కలిసి పోదాం, పగటి పూట, ఎంకయ్య తెప్ప మీద. ఆ పిట్టను నీకు చూపిస్తాను. ఒక్కదానివి పోనని మాట ఇవ్వు. హాస్టల్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. వెంటనే జవాబు రాయి.

నీ
సమత


జహీరాబాద్
డిసెంబర్ 23

ప్రియమైన సమతకు,

నీ ఉత్తరం నా గది తలుపు కింద పడి ఉంది. నేను తిరిగి వచ్చాకే చూశాను. అప్పటికే నేను పోయి వచ్చాను. నువ్వు కంగారు పడతావని ముందే చెబుతున్నాను. నేను బాగున్నాను. చెయ్యి కొంచెం బొబ్బలెక్కింది, అంతే.

నీకు ఉత్తరం పోస్ట్ చేసిన మర్నాడే బయలుదేరాను. క్రిస్మస్ బట్టలకు వచ్చానని చెప్పి మొయినాబాద్‌లో అత్తమ్మ దగ్గర దిగాను. ఇంకా చీకటి ఉండగానే లేచి చీర కట్టుకుంటుంటే ఆమె మెలకువగానే ఉంది.

"యాడికి బిడ్డా గింత పొద్దుగాల?"

"ప్రార్థనకు అత్తమ్మా."

ఆమె లేచి కూర్చుని నా తల మీద చెయ్యి పెట్టింది. ఎక్కడికి పోతున్నానో ఆమెకు తెలుసని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆటో మాట్లాడుకుని నేను చెరువు దగ్గరికి పోయేసరికి ఎంకయ్య గుడిసెలో లేడు, వలలు చూడటానికి పోయినట్టున్నాడు. గోనెపట్టా తీసి పసుపు కయాక్ బయటికి గుంజాను. లైఫ్ జాకెట్ గుడిసె గుంజకు వేలాడుతూ ఉంది. తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో నీకు చెప్పనక్కర్లేదు. నా ఉత్తరం చూసి నువ్వు అనుకున్నది నిజమే.

మంచు నువ్వు రాసినట్టే ఉంది. నాకు భయం వేయలేదు. పెళ్లికి పోతున్నట్టు ఉంది లోపల. ఎంత దూరం పోయానో తెలియదు. తుంగ ఆకులు చేతులకు గీసుకున్నాయి. అప్పుడు పిలిచాడు. నేను "వస్తున్న" అన్నాను.

ఆ పిలుపు పట్టుకుని పోతే నీళ్లలోంచి నల్లగా తాటి మొద్దు ఎదురొచ్చింది. పడవ ముక్కు దానికి తగిలి ఆగింది. తల ఎత్తి చూస్తే అంచున గోరింక ఉంది. నన్ను చూసి మెడ సాగదీసి ఈల వేసింది. సమతా, నేను నవ్వాను. గట్టిగా నవ్వాను. నీ ఉత్తరం చదవకుండానే నాకు అంతా తెలిసిపోయింది. పిట్టకు అంత బాగా రావాలంటే ఎన్నిసార్లు విని ఉండాలి! ఇక్కడ కూర్చుని నన్ను ఇన్నిసార్లు పిలిచావా పిచ్చోడా అని ఆ మొద్దును కౌగిలించుకుని ఏడ్చాను. ఇన్నాళ్లూ రాని ఏడుపు అది. ఏడిస్తే కడుపులో ఏదో దిగిపోయింది. ఇంక ఇంటికి పోదాం, నీ దగ్గరికి వచ్చి చెబుదాం అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

నీ ఉత్తరం ఇంతవరకే చెబుతుంది. తర్వాతిది నీకు మాత్రమే చెబుతున్నాను.

గోరింక నాకు చేతికందేంత దగ్గరలో ఉంది. ముక్కు మూసుకుని నా వైపు కాక, నా వెనక నీళ్ల వైపు చూస్తూ ఉంది. దాని మెడ మీది ఈకలు లేచి నిలబడ్డాయి. నేను దాన్నే చూస్తున్నాను. అది ముక్కు తెరవలేదు.

ఈల నా వెనక నుంచి వచ్చింది.

దూరం నుంచి కాదు. ఒక పడవ దూరం. రెండు పొట్టివి, ఒక పొడుగుది. పిట్ట వేసే ఈలలో ఊపిరి ఉండదు. ఇందులో ఉంది. ఈలకు ముందు పెదవులు తడుపుకునే చిన్న చప్పుడు కూడా విన్నాను. అది ఆయన అలవాటు. గోరింక రెక్కలు కొట్టుకుంటూ ఒడ్డు వైపు ఎగిరిపోయింది.

నేను వచ్చిందే దీనికోసం. కాస్త వెనక్కి తిరిగితే చాలు. సంవత్సరం పాటు నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే. కానీ సమతా, నా మెడ తిరగలేదు. నా చేతికి తాటి మొద్దు గరుకు తెలుస్తూ ఉంది. గీసుకున్న చోట రక్తం వెచ్చగా తెలుస్తూ ఉంది. వెనక ఉన్నదాని నుంచి మాత్రం చల్లదనం వస్తున్నది, బావిలోకి వంగితే తగిలే చల్లదనం. ఆయన నన్ను పిలిచిందల్లా బాగున్నదాన్ని చూపించడానికి. ఇక్కడ చూడటానికి ఏముంది? పొద్దు పొడవలేదు, కొంగలు లేవలేదు.

పైకే అన్నాను. "ప్రభా, నేను రాను. నాకు ఇంకా పొద్దు మిగిలున్నది."

మొద్దును చేత్తో నెట్టి, వెనక్కి చూడకుండా పడవ పక్కకు తిప్పి, పిట్ట పోయిన వైపు తెడ్డు వేశాను. ఈల మళ్లీ వచ్చింది. ఈసారి చివర లేవలేదు. కింద పడిపోయింది. అది కోపం కాదు, సమతా. ఇన్నేళ్లూ అట్లా అనుకున్నాను కానీ, అది కోపం కాదు. ఒప్పుకోవడం. ఇంట్లో నా మాట నెగ్గినప్పుడు కూడా అట్లాగే వేసేవాడు.

ఇసుక తగిలేదాకా ఆపలేదు. ఒడ్డున ఎంకయ్య నిలబడి ఉన్నాడు. నన్ను దింపుతూ, నా భుజం మీదుగా మంచులోకి చూస్తున్నాడు.

"ఇంకొకరు ఏరి బిడ్డా?" అన్నాడు.

"ఎవరు? నేనొక్కదాన్నే పోయిన."

"రెండు తెడ్ల సప్పుడు ఇనొచ్చింది. నీదొకటి, నీ ఎనుక ఇంకోటి. ఒడ్డు దగ్గరికొచ్చి గా రెండోది ఆగింది."

ఆయన తన కంబళి తీసి నాకు కప్పి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. పసుపు కయాక్ ఇంక నీళ్లలో దించవద్దని, ఎవరికైనా ఇచ్చేయమని చెప్పాను. నేను వచ్చినట్టు నీకు చెప్పొద్దని కూడా ఆయన దగ్గర మాట తీసుకున్నాను. నేనే చెప్పాలని.

ఆ పూటే అత్తమ్మకు రాయి పెట్టించమని చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూటం కొత్త సంవత్సరం మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక. నువ్వు, అభిలాష్, కృపాకర్ తప్పకుండా రావాలి. కృపాకర్‌ను ఒక పాట పాడమను. వాడి గొంతు బాగుంటుంది. పిట్ట సంగతి వాళ్లకు చెప్పు, వాళ్ల భయం పోతుంది. రెండో తెడ్డు సంగతి చెప్పకు.

నాకు దుప్పటి లేదు. నువ్వు వచ్చేటప్పుడు మీ ఇంట్లోది ఒకటి తీసుకురా, మందంగా ఉన్నది. ఇక్కడ చలి ఇంకా చాలా రోజులు ఉండేట్టున్నది.

ప్రేమతో
నీ ఆశా